బావగారి సలహా ఏ సంవత్సరానిది?

(రేడియో ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దవాళ్ళు. అమెరికాలో ఇల్లు మనం కట్టక్కర్లేదు, కట్టినది కొనుక్కుంటే చాలు. కాకపోతే దానికి అప్పు పుట్టాలి. ఆ అప్పు గురించి, అంటే మార్ట్‌గేజ్ గురించి, మనవాళ్ళ మధ్య తిరుగుతున్న కొన్ని పాత మాటల గురించి ఈ వేళ చెప్పుకుందాం.

ముందే ఒక మాట. నేను లోన్లు ఇచ్చేవాణ్ణి కాదు, ఇళ్ళు అమ్మేవాణ్ణీ కాదు. మీలో చాలామందిలాగే హెచ్-1బి మీద వచ్చి కంప్యూటర్ల పని చేసుకునే కన్సల్టెంటుని. "గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగు, 20 శాతం చేతిలో ఉంటేగానీ లోను జోలికి పోకు" అని ఒక పెద్దాయన ప్రేమగా చెప్పిన మాట పట్టుకుని నాలుగేళ్ళు అద్దె కట్టాను. ఆయన అబద్ధం చెప్పలేదు. తను ఇల్లు కొన్న రోజుల్లో తనకి ఎదురైనదే చెప్పారు. ఆ మాటకి కాలం చెల్లిపోయిందని నాకు తెలియలేదు, అంతే.

దీనికి తిరగేసిన కథ 2025 జులైలో జరిగింది. మా ఆఫీసులో పనిచేసే ఒక కుర్రాడు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో నాలుగు లక్షల డాలర్ల టౌన్‌హోముకి బిల్డరుతో కాంట్రాక్టు రాసుకుని పదివేల డాలర్లు బయానా ఇచ్చాడు. లంచ్‌లో కలిసినప్పుడు చెప్పాడు. "అన్నా, ఎఫ్‌హెచ్‌ఏ లోను తీసుకుంటున్నా. మూడున్నర శాతం కడితే చాలట. మా బావ హెచ్-1బి మీద ఉండగానే న్యూజెర్సీలో అలాగే కొన్నాడు."

"మీ బావ ఎప్పుడు కొన్నాడు?" అని అడిగాను.

"2019లో."

నాకు గుండె గుభేలుమంది. ఎందుకంటే 2025 మే 25 తరువాత మొదలైన దరఖాస్తులకి హెచ్-1బి వాళ్ళు ఎఫ్‌హెచ్‌ఏ లోనుకి అర్హులు కారు. ఎఫ్‌హెచ్‌ఏని నడిపే హడ్ శాఖ ఆ ఏడాది మార్చిలోనే ఈ మార్పు ప్రకటించింది. సిటిజన్లకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ ఆ లోను ఉంది. వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళకి లేదు. బావ చెప్పింది 2019లో అక్షరాలా నిజం. 2025 జులైలో అదే మాట నమ్మితే పదివేల బయానాకి ఎసరు.

అతని సంగతి చివర్లో చెబుతాను. ఈ రెండు కథల్లోనూ నాకు కనిపించింది ఒకటే. పాలడబ్బా మీద ఉన్నట్టే లోను సలహా మీద కూడా ఒక తేదీ ఉంటుంది. మనం పాలకి చూస్తాం, సలహాకి చూడం. పాత భయం వల్ల కొన్నేళ్ళు పోతాయి, పాత భరోసా వల్ల డబ్బు పోతుంది. ఇప్పుడు ఒక్కొక్క మాటే తీసుకుని దాని తేదీ చూద్దాం.

మొదటి మాట: "20 శాతం లేకపోతే ఇల్లు కొనలేవు."

ఈ మాటకి చాలా పాత చరిత్ర ఉంది. 1930లకి ముందు అమెరికాలో ఇంటి అప్పులు మూడేళ్ళకో అయిదేళ్ళకో ఇచ్చేవారు. ఇంటి ధరలో సగం దాకా చేతినుంచి పెట్టుకోవాల్సి వచ్చేది, గడువు తీరగానే అసలంతా ఒక్కసారి కట్టాలి. ఆర్థిక మాంద్యంలో ఆ పద్ధతి కుప్పకూలాక, 1934లో ఎఫ్‌హెచ్‌ఏ వచ్చి దీర్ఘకాలిక వాయిదాల పద్ధతిని నిలబెట్టింది. ఇప్పుడు మామూలు కన్వెన్షనల్ లోనుకే, మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళయితే, 3 శాతం డౌన్ పేమెంటుతో కొనే పథకాలు ఉన్నాయి.

మరి 20 శాతం మాట ఎక్కడినుంచి వచ్చింది? అంతకంటే తక్కువ పెడితే పీఎంఐ అనే ఇన్సూరెన్సు కట్టాలి. అది మనల్ని కాపాడే ఇన్సూరెన్సు కాదు, మనం ఎగ్గొడితే లెండరుని కాపాడేది. "అది దండగ, జీవితాంతం కట్టాలి" అంటారు మనవాళ్ళు. 1998లో చేసిన చట్టం ప్రకారం, మామూలు లోనులో బాకీ ఇంటి అసలు ధరలో 80 శాతానికి దిగగానే పీఎంఐ తీసెయ్యమని మనం రాసి అడగవచ్చు. వాయిదాలు సక్రమంగా కట్టి ఉండాలి. మనం అడగకపోయినా, వాయిదాల పట్టిక ప్రకారం 78 శాతానికి రావలసిన రోజున వాళ్ళే తీసెయ్యాలి. జీవితాంతం అన్నమాట ఎఫ్‌హెచ్‌ఏకి వర్తిస్తుంది. 2013 జూన్ తరువాత తీసుకున్న ఎఫ్‌హెచ్‌ఏ లోనులో డౌన్ పేమెంటు 10 శాతం కంటే తక్కువైతే ఆ ఇన్సూరెన్సు లోను ఉన్నంతకాలం ఉంటుంది. ఒక లోను గురించిన మాట ఇంకో లోనుకి అంటగట్టేశారన్నమాట.

లెక్క చూద్దాం. అయిదు లక్షల ఇంటికి 20 శాతం అంటే లక్ష. 5 శాతం అంటే పాతికవేలు. తేడా 75,000. నెలకి రెండువేలు దాచగలిగితే అది కూడడానికి మూడేళ్ళు దాటుతుంది. ఈలోగా కట్టే అద్దె ఎంత, ఆ ఊళ్ళో ఇళ్ళ ధరలు ఎలా ఉన్నాయి, పీఎంఐ నెలకి ఎంత పడుతుంది, ఈ మూడూ పక్కపక్కన వేసుకుని చూసుకోవాలి. 20 శాతం ఉంటే మంచిదే, కాదనను. కానీ ఉన్నదంతా ఊడ్చి డౌన్ పేమెంటుగా పెట్టేసి, చేతిలో ఆరునెలల ఖర్చుకి కూడా లేకుండా చేసుకోవడం వీసా మీద ఉన్నవాళ్ళకి మరీ ప్రమాదం.

రెండో మాట: "గ్రీన్‌కార్డు లేకపోతే లోను ఇవ్వరు."

మార్ట్‌గేజ్‌లలో పెద్దభాగాన్ని లెండర్ల దగ్గర కొనే సంస్థలు రెండున్నాయి. ఫానీ మే 1938లో పుట్టింది, ఫ్రెడ్డీ మాక్ 1970లో. దేశంలో ఇప్పుడు చట్టబద్ధంగా ఉంటున్నవాళ్ళకి సిటిజన్లకి ఇచ్చిన షరతుల మీదే లోను ఇవ్వవచ్చని వీటి నిబంధనలు. ఎఫ్‌హెచ్‌ఏ తలుపు మూసుకున్నా ఈ తలుపు తెరిచే ఉంది. అయితే లెండర్లు తమ సొంత షరతులు కొన్ని కలుపుకుంటారు. ఒకరు వీసా ఇంకా ఏడాదైనా ఉండాలంటారు, ఇంకొకరు ఐ-797 కాగితాలన్నీ అడుగుతారు. ఒక బాంకు కాదంటే దేశమే కాదన్నట్టు కాదు. నన్ను మొదట కాదన్నవాళ్ళున్నారు, అదే కాగితాలతో ఔనన్నవాళ్ళూ ఉన్నారు.

"ఉద్యోగం పోతే అరవై రోజుల్లో వెళ్ళిపోవాలి కదా, ఇంటిని ఏం చేసుకుంటావు?" అని మా అమ్మ అడిగింది. ఆ భయం పాతది కాదు, నిజమైనదే. హెచ్-1బి వాళ్ళకి ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు ఉంటుంది. కానీ ఇల్లు వీసాతోపాటు పోదు. ఇండియాలో కూర్చుని కూడా అద్దెకి ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. సొంతంగా ఉండడానికి తీసుకున్న లోనులో మొదటి ఏడాది మనమే ఉండాలన్న షరతు ఉంటుంది. మన చేతుల్లో లేని కారణాలవల్ల వెళ్ళాల్సివస్తే దానికి మినహాయింపు ఉంది. ఇక తొందరపడి అమ్మితే కమిషన్లు, ఖర్చులు పోను నష్టం రావచ్చు. కాబట్టి కొనాలా వద్దా అన్నది వీసా ఒక్కటే చూసి తేల్చేది కాదు. ఆ ఇంటికి వచ్చే అద్దెతో వాయిదా ఏమాత్రం గట్టెక్కుతుందో చూసుకుని తేల్చుకోవాలి.

మూడో మాట: "ఒకే కంపెనీలో రెండేళ్ళు ఉండాలి."

కన్సల్టెంట్లకి ఈ మాట పెద్ద బెడద. ప్రాజెక్టు మారితేనే భయపడి లోను వాయిదా వేసుకున్నవాళ్ళని ఎరుగుదును. లెండర్లు చూసేది రెండేళ్ళ ఉద్యోగ చరిత్ర. ఒకే యజమాని దగ్గర అని కాదు. ఒకే రకమైన పనిలో ఉంటూ జీతం తగ్గకుండా మారితే సాధారణంగా అడ్డు రాదు. అంతకుముందు ఎమ్మెస్ చదివి ఉంటే యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్టులు చూపించి ఆ కాలాన్ని కూడా వివరించవచ్చు. కానీ డబ్ల్యూ-2 జీతం నుంచి 1099కో సొంత కంపెనీకో మారితే సంగతి వేరు. అప్పుడు సాధారణంగా రెండేళ్ళ టాక్స్ రిటర్నులు అడుగుతారు. రేటు ఎక్కువని 1099కి మారాలనుకునేవాళ్ళు ఇల్లు కొన్నాక మారడం మంచిది.

ఇక్కడే ఇంకో పాత భరోసా కూడా ఉంది. "జీతం ఎంతని చెబితే అంత రాసుకుంటారు, ఎవరూ అడగరు" అని. 2005 ప్రాంతంలో అలా నడిచింది నిజమే. ఆ అప్పులే 2008లో కొంప ముంచాయి. 2010లో వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టం కింద చేసిన నిబంధన 2014 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పు తీర్చే తాహతు ఉందో లేదో లెండరు కాగితాలతో సరిచూసి తీరాలి.

ఆ చట్టంతోనే ఇంకో భయం కూడా చాలావరకు తీరింది. "ముందుగా కట్టేస్తే జరిమానా వేస్తారు" అంటారు. ఇప్పుడు మామూలుగా మనం తీసుకునే లోనులలో ఆ జరిమానా ఉండదు. అరుదుగా ఉన్నా మొదటి మూడేళ్ళు దాటి ఉండకూడదు. బోనస్ వస్తే అసలుకి జమ కట్టుకోండి.

నాలుగో మాట: "డౌన్ పేమెంటుకి ఫ్రెండ్స్ దగ్గర తలో అయిదువేలు తీసుకుని సర్దేద్దాం."

మనవాళ్ళకి చేబదుళ్ళు అలవాటు. మనసున్న మారాజులు, అడిగితే ఇస్తారు. కానీ లెండరు రెండు నెలల బాంకు స్టేట్‌మెంట్లు చూస్తాడు. లెక్కలోకి తీసుకున్న నెల ఆదాయంలో సగానికి మించిన జమ ఏది కనపడినా ఎక్కడిదని అడుగుతాడు. చేబదులు అని చెబితే అది అప్పు కింద లెక్క. అప్పు కాదు, బహుమతి అని ఫ్రెండు చేత గిఫ్ట్ లెటరు రాయిస్తే, సంతకం పెట్టిన ఇద్దరూ అబద్ధం చెప్పినట్టే. లోను కోసం తప్పుడు సమాచారం ఇవ్వడం ఫెడరల్ నేరం. గ్రీన్‌కార్డు కోసం లైన్లో నిలబడ్డవాళ్ళకి ఆ మచ్చ ఎంత చేటో నేను చెప్పక్కర్లేదు.

అమ్మానాన్నలు ఇచ్చేది మాత్రం నిక్షేపంగా తీసుకోవచ్చు. మనం ఉండబోయే ఒంటి ఇల్లయితే కన్వెన్షనల్ లోనులో డౌన్ పేమెంటు మొత్తం దగ్గర బంధువుల బహుమతిగా రావచ్చు. "ఇండియా డబ్బు ఒప్పుకోరు" అన్నది పాతమాట. దారి కనిపించాలి, అంతే. నాన్నగారి ఖాతా నుంచి బాంకు ద్వారా రావాలి, గిఫ్ట్ లెటరు ఉండాలి, ఆ డబ్బు ఆయనకి ఎలా వచ్చిందో, ఫిక్స్‌డ్ డిపాజిట్టో స్థలం అమ్మకమో, కాగితం ఉంటే మంచిది. రిజర్వు బాంకు నిబంధన ప్రకారం ఇండియాలో ఉన్న ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. బహుమతిగా పంపేది పది లక్షల రూపాయలు దాటితే, దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ కింద ముందు పట్టుకుంటారు, అది ఆయన రిటర్నులో సర్దుబాటవుతుంది. ఇక్కడ మనవైపు, విదేశాల్లో ఉన్నవాళ్ళ నుంచి ఏడాదిలో వచ్చిన బహుమతులు లక్ష డాలర్లు దాటితే ఫారం 3520 దాఖలు చెయ్యాలి. టాక్స్ ఉండదు గానీ, చెప్పకపోతే జరిమానా ఉంటుంది.

అయిదో మాట: "ఫెడ్ రేటు తగ్గిస్తోంది, ఆగు, మళ్ళీ మూడు శాతానికి వస్తుంది."

ఫెడరల్ రిజర్వు నిర్ణయించేది బాంకుల మధ్య ఒక్క రాత్రి అప్పులకి వడ్డీ. 30 ఏళ్ళ మార్ట్‌గేజ్ వడ్డీ ఎక్కువగా పదేళ్ళ ట్రెజరీ బాండ్ల వెంట నడుస్తుంది. 2024 సెప్టెంబరులో ఫెడ్ అర శాతం తగ్గించింది. ఆ నెలాఖరులో ఫ్రెడ్డీ మాక్ వారాంతపు సగటు 6.08 శాతం. ఫెడ్ డిసెంబరుకల్లా మొత్తం ఒక శాతం తగ్గించింది. మరి మార్ట్‌గేజ్? 2025 జనవరి మధ్యకి 7.04కి పెరిగింది! తగ్గుతుందని ఆగినవాళ్ళు తెల్లబోయారు.

2021 జనవరిలో 2.65 శాతం ఉందంటే అది కోవిడ్ కాలపు విడ్డూరం. 1981 అక్టోబరులో 18.63 ఉండేది. అప్పట్లో ఇల్లు కొన్న మన డాక్టరు అంకుళ్ళని అడగండి, ఆరున్నర అంటే ఎగిరి గంతేసేవాళ్ళు. నాలుగు లక్షల అప్పుకి 3 శాతమైతే నెలకి అసలూ వడ్డీ కలిపి 1,686 డాలర్లు, ఆరున్నర అయితే 2,528. తేడా చిన్నది కాదు. ఈ రోజు రేటుకి వాయిదా మోయగలిగితేనే కొనాలి. రేపు తగ్గితే రీఫైనాన్సు చేసుకోవచ్చు, దానికీ ఖర్చుంటుంది. తగ్గుతుందని నమ్మి మోయలేనిది నెత్తికెత్తుకోకండి.

ఆరో మాట: "ఇల్లు కొంటే టాక్స్ బోలెడు మిగులుతుంది."

ఇది 2017తో పోయిన మాట. ఆ ఏడాది భార్యాభర్తలకి స్టాండర్డ్ డిడక్షన్ 12,700. 2025 సంవత్సరానికి అది 31,500. ఆరున్నర శాతం మీద నాలుగు లక్షల అప్పుకి మొదటి ఏడాది వడ్డీ సుమారు 25,900. ప్రాపర్టీ టాక్స్ 8,000 అనుకుందాం. మొత్తం 33,900. వేరే డిడక్షన్లు లేకపోతే, స్టాండర్డ్ కంటే ఎక్కువైనది 2,400. 22 శాతం శ్లాబులో ఉన్నవాళ్ళకి దానివల్ల మిగిలేది ఏడాదికి సుమారు 530 డాలర్లు. అదే లెక్క 2017లో వేస్తే తేడా 21,200 మీద మిగిలేది. అన్నట్టు, పెద్ద అప్పులకి కూడా 2017 డిసెంబరు మధ్య తరువాత తీసుకున్నవైతే ఏడున్నర లక్షల అసలు దాకానే వడ్డీ లెక్కకొస్తుంది, అంతకుముందు పది లక్షలుండేది. టాక్స్ మిగులుతుందని ఇల్లు కొనకండి.

ఏడో మాట: "ఫిక్స్‌డ్ తీసుకున్నాం, ముప్పై ఏళ్ళు వాయిదా మారదు."

అసలూ వడ్డీ మారవు. కానీ వాయిదాలో ప్రాపర్టీ టాక్సూ ఇన్సూరెన్సూ కూడా ఎస్క్రో పేరుతో కలిసి ఉంటాయి, అవి పెరిగితే వాయిదా పెరుగుతుంది. టెక్సస్‌లో కొత్త ఇల్లు కొన్నవాళ్ళకి ఇంకో చిక్కు. జనవరి ఒకటో తేదీకి అక్కడ ఉన్నది ఖాళీ స్థలమే అయితే మొదటి ఏడాది టాక్స్ స్థలానికే వేస్తారు. మరుసటి ఏడు ఇల్లు మొత్తానికి పడుతుంది, వాయిదా ఒక్కసారిగా వందల డాలర్లు పెరుగుతుంది. కొన్న వెంటనే హోమ్‌స్టెడ్ ఎగ్జెమ్షన్‌కి దరఖాస్తు పెట్టుకోవడం మరవకండి. 2025 నవంబరులో ఓటర్లు ఒప్పుకున్న సవరణతో స్కూలు టాక్సులో 1,40,000 డాలర్ల విలువ దాకా మినహాయింపు వస్తుంది. అడగందే రాదు.

ఇక మా ఆఫీసు కుర్రాడి సంగతి. ఆ సాయంత్రమే ముగ్గురు లెండర్లకి ఫోన్ చేశాడు. "ముగ్గుర్ని అడిగితే స్కోరు పడిపోదా అన్నా?" అన్నాడు. అదీ పాతమాటే. ఇప్పటి ఫైకో స్కోర్లలో చాలావాటికి 45 రోజుల్లోపు మార్ట్‌గేజ్ కోసం ఎంతమంది చూసినా ఒకటిగానే లెక్క, పాతరకం స్కోర్లకి 14 రోజులు. అంచేత రెండు వారాల్లోపు అందర్నీ అడిగెయ్యడం మంచిది. 2015 అక్టోబరు నుంచి దరఖాస్తు అందిన మూడు పనిరోజుల్లో ప్రతి లెండరూ ఒకే నమూనాలో లోన్ ఎస్టిమేట్ ఇవ్వాలి. మూడూ బల్లమీద పరిస్తే ఎవరు ఎక్కడ ఎంత గుంజుతున్నారో కనపడుతుంది.

అతనికి క్రెడిట్ చరిత్ర రెండేళ్ళదే, స్కోరు అంతంత మాత్రం. 3 శాతంతో పీఎంఐ మరీ ఎక్కువ పడుతోందని, 5 శాతం పెడితే నయమని తేలింది. పద్నాలుగువేలు అనుకున్నది ఇరవైవేలు అయింది, క్లోజింగు ఖర్చులు వేరే. విజయవాడలో ఉన్న వాళ్ళ నాన్నగారు ఫిక్స్‌డ్ డిపాజిట్టు ఒకటి తీసి సక్రమంగా పంపారు. మూడు వారాలు ఆలస్యమైంది, బిల్డరు గడువు పొడిగించాడు, బయానా దక్కింది. ఆ ఆలస్యానికి బిల్డరు ఒప్పుకోకపోతే పదివేలూ పోయేవే.

గృహప్రవేశానికి బావగారు కూడా న్యూజెర్సీ నుంచి వచ్చారు. పాపం, ఆయన నొచ్చుకున్నారు. "నేను చెప్పింది నిజమే కదండీ" అన్నారు. నిజమేనండీ, 2019లో.

అందుకని శ్రోతలకి నా మనవి ఒక్కటే. ఎవరు సలహా ఇచ్చినా, నేను ఇచ్చినా సరే, మూడు ప్రశ్నలు వెయ్యండి. మీరు కొన్నది ఏ సంవత్సరంలో? అప్పుడు మీరు ఏ వీసా మీద ఉన్నారు? అది ఏ రకం లోను? జవాబులు మీకు సరిపోతే మంచిదే. సరిపోకపోతే సలహా ఇచ్చిన పెద్దలకి ఒక నమస్కారం పెట్టి, వెళ్ళి లెండరుని అడగండి. ఈ ప్రసంగం కూడా ఏదో ఒకనాటికి పాతబడేదే. ఏడాది తరువాత వినేవాళ్ళు దీని తేదీ కూడా చూసుకోండి.

సెలవు.